పెళ్లి కాకపోవడం వేరు, బ్రహ్మచర్యం వేరు

అగ్నివీర్ ర్యాలీకి బయల్దేరే కుర్రాడి ఫైల్లో టెన్త్ మెమో, కుల ధ్రువీకరణ, నివాస ధ్రువీకరణ లాంటి వాటితో పాటు ఇంకో కాగితం ఉంటుంది. వయసు 21 దాటకపోతే, ఇతనికి పెళ్లి కాలేదని ఊరి సర్పంచో మున్సిపాలిటీ వాళ్లో రాసివ్వాలి. సర్పంచ్‌కు ఆ సంతకం పెట్టడంలో పెద్ద ఇబ్బంది ఉండదు. పెళ్లంటే పదిమంది చూస్తుండగా జరిగేదే కాబట్టి, ఎవరికి అయిందో ఎవరికి కాలేదో ఊరికి తెలుసు. అదే సర్పంచ్‌ను 'ఈ అబ్బాయి బ్రహ్మచారి' అని రాసి స్టాంపు వేయమంటే, ఆ మాటకున్న అసలు అర్థం తెలిసిన మనిషి అయితే తప్పకుండా వెనకాడతాడు. అది ఆ కుర్రాడికి తప్ప ఇంకెవరికీ తెలిసే విషయం కాదు.

ఇంత తేడా ఉన్నా, తెలుగు వాడుకలో ఈ రెండూ దాదాపు ఒకటైపోయాయి. 'ఇంకా బ్రహ్మచారేనా?' అని అడిగితే పెళ్లి కాలేదా అని అర్థం. 'బెండకాయ ముదిరినా బ్రహ్మచారి ముదిరినా పనికిరాదు' అనే సామెతలో ఉన్నవాడు వ్రతం పట్టినవాడేమీ కాదు, సంబంధం కుదరక వయసు దాటిపోతున్నవాడు. పత్రికలూ ఇదే దారిలో ఉన్నాయి. పెళ్లి చేసుకోని నాయకుడో శాస్త్రవేత్తో కన్నుమూస్తే, మర్నాటి వార్తలో 'ఆజన్మ బ్రహ్మచారి' అన్న మాట అలవాటుగా వచ్చేస్తుంది. తాను అవివాహితుడినే గానీ బ్రహ్మచారిని కానని మాజీ ప్రధాని అటల్ బిహారీ వాజ్‌పేయి అన్నట్టుగా ఒక మాట దేశమంతా ప్రచారంలో ఉంది. విన్నవాళ్లు సాధారణంగా నవ్వి ఊరుకుంటారు. కానీ ఆ వాక్యాన్ని నిజాయితీగానే తీసుకోవాలి. పాటించని నియమం పేరుతో గౌరవం తీసుకోవడం ఇష్టం లేనివాళ్లు అనే మాట అది.

పెళ్లి అయిందా లేదా అన్నది సమాజం తన లెక్కల్లో రాసుకునే స్థితి. మన జనాభా లెక్కల్లో దానికి గడులున్నాయి: అసలు పెళ్లి కానివారు, పెళ్లయినవారు, భర్తనో భార్యనో పోగొట్టుకున్నవారు, విడిగా ఉంటున్నవారు, విడాకులు తీసుకున్నవారు. బ్రహ్మచర్యానికి మాత్రం ఏ ఫారంలోనూ గడి లేదు. అది ఒక మనిషి తెలిసి, కోరి, తన శరీరం మీదా మనసు మీదా పెట్టుకునే నియమం. జీవితాంతం ఉండొచ్చు, నలభై రోజులే ఉండొచ్చు. పెళ్లి కాని మనిషి పాటించవచ్చు, పెళ్లయిన మనిషీ పాటించవచ్చు.

ఈ చివరి మాట తెలుగువాళ్లకు కొత్తేమీ కాదు. కార్తీకం వచ్చేసరికి ఊరూరా నల్లబట్టలు కనిపిస్తాయి. అయ్యప్ప మాల వేసుకున్న మనిషికి పెళ్లయి ఉంటుంది, ఇద్దరు పిల్లలుంటారు, బ్యాంకులోనో ఆర్టీసీలోనో ఉద్యోగం ఉంటుంది. తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం, కాళ్లకు చెప్పుల్లేకుండా తిరగడం, చాప మీద పడక, బ్రహ్మచర్యం. భార్య కూడా ఆయన్ని 'స్వామీ' అనే పిలుస్తుంది. మాల వేసుకోవడం మొదటిసారి అయితే, ఇద్దరు పిల్లల తండ్రి అయినా 'కన్నెస్వామి' అంటారు. మండలం రోజులు గడిచి, ఇరుముడితో కొండకెళ్లి వచ్చి మాల తీసేశాక మళ్లీ మామూలు సంసారమే. ఆ రోజుల్లో ఆయన బ్రహ్మచారా, పెళ్లయినవాడా అని ఎవరికీ సందేహం రాదు, ఎందుకంటే రెండూ నిజమే. భవానీ దీక్ష తీసుకుని ఇంద్రకీలాద్రికి వెళ్లేవారికీ, హనుమాన్ దీక్షతో కొండగట్టుకు వెళ్లేవారికీ ఇదే వర్తిస్తుంది. తండ్రి ఆబ్దికం పెట్టే కొడుకు కూడా ముందురోజు నుంచే ఈ నియమం పాటించాలని పురోహితుడు గుర్తుచేస్తాడు. ఆచరణలో మనకు తేడా బాగా తెలుసు. మాటలోనే కలిసిపోయింది.

గొడుగూ చెప్పులూ చెప్పే సంగతి

ఎలా కలిసిపోయిందో తెలియాలంటే పాత ఏర్పాటును కొంచెం దగ్గర నుంచి చూడాలి. ధర్మశాస్త్రాల్లో బ్రహ్మచారి అంటే ఉపనయనం అయ్యాక గురువు దగ్గర వేదం చదువుకునే విద్యార్థి. భిక్ష తెచ్చుకోవాలి, సంధ్య వార్చాలి, గురువుకు సేవ చెయ్యాలి. మనుస్మృతి రెండో అధ్యాయంలో ఆ విద్యార్థి దూరంగా ఉంచాల్సినవాటి పట్టిక ఉంది. తేనె, మాంసం, సుగంధ ద్రవ్యాలు, పూలదండలు, కళ్లకు కాటుక, చెప్పులు, గొడుగు, పాట, ఆట, వాద్యం, కోపం, లోభం. స్త్రీ సాంగత్యం కూడా అదే పట్టికలో ఉంది, కానీ చాలావాటిలో ఒకటిగా. బ్రహ్మచర్యమంటే లైంగిక నిగ్రహం ఒక్కటే అనుకోవడం కూడా ఆ మాటను కుదించడమే. అది మొత్తంగా ఒక జీవన విధానం.

ఈ బ్రహ్మచారుల్లో రెండు రకాలు చెప్పారు. చదువు పూర్తయ్యేదాకా నియమం పాటించి, గురుదక్షిణ ఇచ్చి ఇంటికి వెళ్లేవాడు ఉపకుర్వాణుడు. ప్రాణం ఉన్నంతకాలం ఆ నియమంలోనే ఉండిపోయేవాడు నైష్ఠికుడు. శబరిమల స్వామిని నైష్ఠిక బ్రహ్మచారి అంటారు. ఆ గుడిలోకి అన్ని వయసుల ఆడవాళ్లూ వెళ్లవచ్చని 2018 సెప్టెంబర్ 28న సుప్రీంకోర్టు 4:1 తో ఇచ్చిన తీర్పుకు దారితీసిన వాదనల్లో చాలా భాగం ఈ రెండో మాట చుట్టూ తిరిగింది.

ఉపకుర్వాణుడు చదువు ముగించి చేసే స్నానమే సమావర్తనం, మన వాడుకలో స్నాతకం. ఆ స్నానంతో అతని బ్రహ్మచర్యం ముగుస్తుంది. అప్పటినుంచి అతను స్నాతకుడు. గురువు అనుమతితో ఇంటికి వచ్చాడు, తగిన కన్య కోసం చూస్తున్నాడు, పెళ్లి ఇంకా కాలేదు. అంటే ధర్మశాస్త్రం ప్రకారమే ఇతను అవివాహితుడు, కానీ బ్రహ్మచారి కాడు. ఇప్పుడు మనం ఒకే మాటతో తోసేస్తున్న తేడాకు ఆ పాత ఏర్పాటులో విడిగా ఒక పేరుంది, ఒక సంస్కారం ఉంది.

ఉపనయనం ఉన్న తెలుగు కుటుంబాల్లో ఈ స్నాతకం ఇప్పటికీ చేస్తారు, అయితే పెళ్లిరోజునో ముందురోజునో. వెంటనే కాశీయాత్ర. పెళ్లికొడుకు పట్టుపంచె కట్టుకుని, చేత్తో గొడుగూ కర్రా పట్టుకుని, కాళ్లకు పావుకోళ్లో కొత్త చెప్పులో వేసుకుని నాలుగడుగులు వేస్తాడు. బావమరిది ఎదురొచ్చి, గడ్డం కింద బెల్లంముక్క పెట్టి, మా అక్కనిస్తాం రండి బావగారూ అని వెనక్కి తీసుకొస్తాడు. ఫొటోగ్రాఫర్ దీన్ని రెండుమూడుసార్లు చేయిస్తాడు. చూసేవాళ్లకు అతనొక బ్రహ్మచారి, సన్యాసం వైపు వెళ్లబోతుంటే ఆపి సంసారంలోకి దించుతున్నారని అనిపిస్తుంది. నిజానికి ఆ గొడుగూ ఆ చెప్పులే మనుస్మృతి బ్రహ్మచారికి వద్దన్న వస్తువులు. స్నాతకుడికి మాత్రమే అవి చెల్లుతాయి. కాశీకి బయల్దేరేసరికే అతని బ్రహ్మచర్యం ముగిసింది, పెళ్లి ఇంకా మొదలు కాలేదు. ఆ నాలుగడుగులూ మధ్యలో ఉన్న స్నాతకుడి కాలమే. ఒకప్పుడు నెలలో ఏళ్లో ఉండే వ్యవధి పెళ్లిపందిట్లో గంటకో రెండు గంటలకో కుదించుకుపోయింది.

రెండు మాటలు కలిసిపోవడానికి మూలం ఇక్కడే ఉందని అనుకోవచ్చు. బ్రహ్మచర్యం, గార్హస్థ్యం లాంటి జీవిత దశల్లో, అంటే ఆశ్రమాల్లో, ఏదో ఒకదానిలో ఉండాలే గానీ ఊరికే ఉండకూడదన్నది శాస్త్రకారుల పట్టు. గురుకులాలు పోయాక, చదువు ముగిసిన రోజన్నది విడిగా లేకుండా పోయాక, స్నాతకాన్ని తీసుకొచ్చి పెళ్లి పక్కన పెట్టారు. దాంతో బ్రహ్మచర్యం ముగియడం, అవివాహిత స్థితి ముగియడం ఒకే ముహూర్తంలో జరగడం మొదలైంది. రెండూ ఒకేసారి ముగుస్తుంటే జనం రెంటినీ ఒక్కటే అనుకోవడంలో ఆశ్చర్యం లేదు. మెడలో ఒంటి జంధ్యం ఉంటే బ్రహ్మచారి, రెండో జంధ్యం పడితే గృహస్థు. మధ్యవాడికి ఇక గుర్తు మిగల్లేదు.

అయినా పాత పండితులు తేడాను మర్చిపోలేదు. తోడు దొరక్క, సంబంధం కుదరక ఒంటరిగా ఉండిపోయిన స్థితికి సంస్కృతంలో తురగబ్రహ్మచర్యం అనే మాట ఉంది. తెలుగులో ఘోటక బ్రహ్మచారి అంటాం. తురగమన్నా ఘోటకమన్నా గుర్రమే. సాలలో విడిగా కట్టేసిన గుర్రానికి ఆడగుర్రం కనబడదు కాబట్టి దూరంగా ఉంటుంది, అందులో దాని నిగ్రహం ఏమీ లేదు. మాట కొంచెం మోటుగా ఉన్నా విషయం సూటిగా చెబుతుంది: అవకాశం లేకపోవడం వేరు, వద్దనుకోవడం వేరు. ఇప్పుడు ఈ మాటను పెళ్లి కాని పెద్దవయసు మగవాళ్లను ఏడిపించడానికే వాడుతున్నారు, అది బాధాకరం. పెళ్లి కుదరకపోవడం వెనక భూమి లేకపోవడం, ఉద్యోగం లేకపోవడం, చెల్లెళ్ల పెళ్లిళ్ల బాధ్యత, ఆరోగ్యం లాంటివి ఎన్నో ఉంటాయి.

పరిస్థితి వల్ల దూరంగా ఉండేవాళ్లలో పెళ్లయినవాళ్లూ తక్కువేం లేరు. కరీంనగర్, నిజామాబాద్ పల్లెల నుంచి గల్ఫ్‌కు వెళ్లిన మనిషి రెండేళ్లకో మూడేళ్లకో ఒకసారి ఇంటికొస్తాడు. అక్కడ లేబర్ క్యాంపులో ఆయన, ఇక్కడ అత్తమామల దగ్గర భార్య. కాగితం మీద ఇద్దరూ వివాహితులు, కానీ దాంపత్యం అన్నది ఏళ్ల తరబడి వీడియో కాల్‌కే పరిమితం. వాళ్లు పాటిస్తున్నది బ్రహ్మచర్యమని ఎవరూ అనరు, అనకూడదు కూడా. ఎడబాటును వ్రతం అంటే వాళ్ల కష్టాన్ని కప్పేసినట్టే.

భీష్ముడు ఆ మాటే ఎందుకు అన్నాడు

మహాభారతంలో ఈ తేడా చుట్టూ ఒక వంశం కథంతా నడిచింది. శంతనుడికి సత్యవతినివ్వాలంటే ఆమె కొడుకే రాజు కావాలని దాశరాజు అడిగాడు. దేవవ్రతుడు రాజ్యం వదులుకున్నాడు. దాశరాజుకు అప్పటికీ తృప్తి లేదు. నువ్వు మాట తప్పవు, నీకు పుట్టబోయే కొడుకుల సంగతేమిటి అన్నాడు. అప్పుడు దేవవ్రతుడు చేసిన ప్రతిజ్ఞ బ్రహ్మచర్యం. పెళ్లి చేసుకోనని మాత్రమే అని ఉంటే దాశరాజు భయం తీరేది కాదు. పెళ్లి లేకుండానే కొడుకులు పుట్టే అవకాశం ఉంది, ఆ ఇంట్లోనే అలా జరిగింది. సత్యవతికి పెళ్లికి ముందే పరాశరుడి వల్ల వ్యాసుడు పుట్టాడు. తర్వాత చిత్రాంగదుడూ విచిత్రవీర్యుడూ సంతానం లేకుండా పోయినప్పుడు, వంశం నిలబెట్టమని సత్యవతి స్వయంగా భీష్ముణ్ణి అడిగింది. మొదటి ప్రతిజ్ఞకు కారణమైన మనిషే అడిగినా ఆయన ఒప్పుకోలేదు. ఆయన కట్టుబడింది పెళ్లి వద్దన్న మాటకు మాత్రమే అయితే సత్యవతి కోడళ్ల విషయంలో సందు దొరికేది. చివరికి ఆ పనికి వ్యాసుణ్ణి పిలవాల్సి వచ్చింది.

అర్జునుడిది ఇంకో రకం. ద్రౌపది విషయంలో అన్నదమ్ములు పెట్టుకున్న నియమం దాటినందుకు బ్రహ్మచర్యంతో వనవాసానికి బయల్దేరాడు. దారిలో ఉలూపి ఎదురైంది. నాకు బ్రహ్మచర్య నియమం ఉందని అతనంటే, అది ద్రౌపది విషయంలో పెట్టుకున్నదే గానీ మిగతావారికి వర్తించదని ఆమె వాదించింది. ఆ యాత్రలోనే ఉలూపి, చిత్రాంగద, సుభద్ర అతని జీవితంలోకి వచ్చారు. ఇంతమంది భార్యలున్న అర్జునుణ్ణి సౌప్తికపర్వంలో మళ్లీ బ్రహ్మచారి అనడం చూస్తే ఇప్పటి పాఠకుడు ఉలిక్కిపడతాడు. అశ్వత్థామ అస్త్రానికి ఎదురుగా వదిలిన అస్త్రాన్ని అతను వెనక్కి తీసుకోగలిగాడు, ఎందుకంటే సత్యవ్రతుడు, బ్రహ్మచారి, గురువు మాట వినేవాడు అని అక్కడుంది. దీనికి ఆధారం లేకపోలేదు. నియమిత రాత్రుల్లో మాత్రమే భార్యతో ఉండే గృహస్థు ఏ ఆశ్రమంలో ఉన్నా బ్రహ్మచారే అని మనుస్మృతి మూడో అధ్యాయం అంటుంది. జైనుల్లో కూడా గృహస్థు పాటించే బ్రహ్మచర్య అణువ్రతం అంటే తన భార్యతో తృప్తిపడటం, సాధువు మహావ్రతం అంటే సంపూర్ణ నిగ్రహం. ఒకే మాట, రెండు కొలతలు.

ఇంగ్లిష్‌లో ఇదే గందరగోళం ఎదురుదిశలో నడిచింది. సెలిబేట్ అన్న మాటకు మూలమైన లాటిన్ పదానికి అర్థం పెళ్లి కానివాడు అనే. క్రమంగా అది శారీరక సంబంధానికి దూరంగా ఉండేవాడు అనే అర్థం వైపు జరిగింది. మన బ్రహ్మచారి నియమం నుంచి స్థితి వైపు జారితే, వాళ్ల సెలిబేట్ స్థితి నుంచి నియమం వైపు జారింది. అందుకే ఒక మాటను ఇంకో మాటతో అనువదించే ప్రతిసారీ అర్థం ఎటో ఒకవైపు ఒరుగుతుంది.

ఈ తేడాను చట్టంగా రాసుకున్నది కేథలిక్ చర్చి. మన పల్లెల్లో సీఎస్ఐ, లూథరన్, బాప్టిస్టు సంఘాలకు పాస్టరుగారు ఉంటారు, పక్కనే పాస్టరమ్మగారు ఉంటారు. ఆర్‌సీఎం చర్చిలో ఫాదర్ ఒక్కరే. పెళ్లి చేసుకోకపోవడమే ఫాదర్లకు నియమమని చాలామంది అనుకుంటారు. 1983 నాటి చర్చి చట్టంలో 277వ నియమం మాత్రం వేరే వరుసలో చెబుతుంది: యాజకులు జీవితాంతం సంపూర్ణ నిగ్రహం పాటించాలి, అందువల్ల అవివాహితులుగా ఉండాలి. నిగ్రహం ముందు, పెళ్లి లేకపోవడం దాని ఫలితం. చరిత్రలో ఈ రెండూ విడివిడిగానే పెరిగాయి. తొలి శతాబ్దాల్లో పెళ్లయిన యాజకులు చాలామంది ఉండేవారు, భార్యకు దూరంగా ఉండమని వాళ్ల మీద ఒత్తిడి ఉండేది. 1139లో రెండో లేటరన్ మహాసభ, పై స్థాయి యాజకులు చేసుకునే పెళ్లి అసలు చెల్లదని తేల్చింది. తూర్పు కేథలిక్ చర్చిల్లో కొన్నింటిలో ఇప్పటికీ పెళ్లయినవాళ్లు యాజకులు కావచ్చు, కానీ యాజకుడయ్యాక పెళ్లి చేసుకోకూడదు. ఆ చర్చి బోధనలో మూడో మాట కూడా ఉంది. శీలం అన్నది అందరికీ, పెళ్లయినవాళ్లకు కూడా. దంపతులు ఒకరికొకరు నమ్మకంగా ఉండటమే వాళ్ల శీలం. పెళ్లి లేకపోవడం, సంబంధం లేకపోవడం, శీలం అనే మూడింటినీ మూడు మాటలుగా ఉంచుకోవడంలో ఉన్న స్పష్టత మన రోజువారీ భాషకు కూడా అవసరమే.

పెళ్లయి బ్రహ్మచర్యం పాటించినవారిలో అందరికీ తెలిసిన పేరు గాంధీది. 1883లో పెళ్లి, నలుగురు కొడుకులు, 1906లో దక్షిణాఫ్రికాలో ఉండగా బ్రహ్మచర్య వ్రతం. తోటి కార్యకర్తలతో ముందుగా చర్చించాననీ, కస్తూర్బాతో మాత్రం వ్రతం పట్టే సమయంలోనే మాట్లాడాననీ, ఆమె అభ్యంతరం చెప్పలేదనీ ఆయనే రాసుకున్నారు. ఆమె ఒప్పుకున్నారు కాబట్టి ఆ కథ అక్కడితో ఆగింది. ఒప్పుకోకపోతే? ఈ ప్రశ్న చిన్నది కాదు. పెళ్లి కాని మనిషి బ్రహ్మచర్యం తన ఒక్కరి నిర్ణయం. పెళ్లయిన మనిషి బ్రహ్మచర్యం ఇంకొకరి జీవితాన్ని కూడా నిర్ణయించేస్తుంది. ఎదుటివారు మనస్ఫూర్తిగా ఒప్పుకుంటేనే దాన్ని వ్రతం అనాలి, లేకపోతే అది అన్యాయమే. చట్టం కూడా దీన్ని గుర్తించింది. శారీరక అశక్తత గానీ సరైన కారణం గానీ లేకుండా, చాలాకాలం పాటు దాంపత్యం వద్దని ఒకరే నిర్ణయించడం మానసిక క్రూరత్వం కావచ్చని 2007లో సమర్ ఘోష్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 1955 నాటి హిందూ వివాహ చట్టంలో 13వ సెక్షన్ ప్రకారం భర్తో భార్యో సన్యాసం పుచ్చుకుంటే, రెండోవారు విడాకులు కోరవచ్చు. అందులో ఇమిడి ఉన్న సంగతి ఏమిటంటే, కాషాయం కట్టినంత మాత్రాన పెళ్లి రద్దు కాదు. కోర్టు డిక్రీ ఇచ్చేదాకా మఠంలో ఉన్న ఆ సన్యాసి చట్టం కళ్లకు వివాహితుడే.

ఆడవాళ్ల విషయంలో

ఇంతవరకు చెప్పుకున్నది ఎక్కువగా మగవాళ్ల గురించే. రెండు మాటలూ కలిసిపోవడం వల్ల మగవాడికి జరిగే నష్టం పెద్దగా ఉండదు. పొగిడితే ఆజన్మ బ్రహ్మచారి అంటారు, ఏడిపిస్తే ముదురు బ్రహ్మచారి అంటారు. హైదరాబాద్‌లో ఇల్లు వెతుక్కుంటే 'బ్యాచిలర్స్‌కి ఇవ్వం' అన్న బోర్డు ఎదురవుతుంది. ఇక్కడ లెక్క తలకిందులైంది కూడా: పెళ్లి కాలేదు కాబట్టి నిగ్రహం ఉండదని ఇంటి ఓనరు అనుమానం. రెంటిలో ఏదీ ఆ కుర్రాడు చెప్పిన సంగతి కాదు.

ఆడవాళ్ల విషయంలో ఈ కలగాపులగం జీవితాలనే తినేసింది. కన్య అన్న మాటకు పెళ్లి కానిది, పురుష సంబంధం లేనిది అని రెండర్థాలూ ఒకేసారి ఉన్నాయి. కన్యాదానంలో రెండూ నిజం కావాలని సమాజం ఆశిస్తుంది. పురాణాలు ఈ ఇరుకును గమనించాయి. అందుకే పరాశరుడు సత్యవతికీ, సూర్యుడు కుంతికీ బిడ్డ పుట్టినా కన్యగానే ఉండేలా వరం ఇవ్వాల్సి వచ్చింది. వరం లేని ఆడపిల్లలకు దారి లేదు.

బాలవితంతువుల సంగతి ఇంకా దారుణం. ఏడెనిమిదేళ్ల వయసులో పెళ్లి చేసి, కాపురం అంటే ఏమిటో తెలియకముందే భర్త పోతే, ఆ పిల్ల ఇక అవివాహిత కాదు. కాబట్టి ఇంకో పెళ్లికి అర్హత లేదు. కానీ జీవితాంతం బ్రహ్మచర్యం పాటించాలి. ఆ నియమాన్ని ఆమె కోరలేదు, ఎవరూ ఆమెను అడగలేదు. వితంతు పునర్వివాహాన్ని అనుమతించే చట్టం 1856లోనే వచ్చినా, తెలుగునాట కందుకూరి వీరేశలింగం రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించేసరికి 1881 డిసెంబర్ 11 అయింది. ఆయన పోరాడింది పెళ్లి చేసుకునే హక్కు కోసమే అనుకుంటాం. ఒక మనిషి కోరని వ్రతాన్ని ఊరంతా కలిసి ఆమె మీద రుద్దకూడదన్నది కూడా అందులో ఉంది.

దీనికి పూర్తి విరుద్ధమైనది జోగినీ ఆచారం. నిజామాబాద్, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో దళిత ఆడపిల్లలను దేవతకు అంకితం చేసి, మనిషిని పెళ్లి చేసుకునే అవకాశం లేకుండా చేశారు. రాయలసీమలో బసివి పేరుతో ఇలాంటిదే ఉండేది. వాళ్లకు పెళ్లి లేదు. కానీ ఊళ్లో పెత్తనం ఉన్న మగవాళ్ల నుంచి రక్షణా లేదు. పెళ్లి లేకపోవడం అంటే బ్రహ్మచర్యం అని సునాయాసంగా అనేసేవాళ్లు ఈ ఆడవాళ్ల జీవితాలను ఒక్కసారి తలచుకోవాలి. ఇక్కడ పెళ్లిని నిషేధించింది, వాళ్ల శరీరాలను అందరికీ అందుబాటులో ఉంచడానికే. అంకితం చేయడాన్ని నేరంగా చేస్తూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చట్టం 1988లో వచ్చింది.

చట్టంలో ఈ ముడి ఒక్కొక్కటిగా విడుతోంది. వయసొచ్చిన ఇద్దరు పెళ్లి లేకుండా కలిసి ఉండటం నేరం కాదని 2010లో ఖుష్బూ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అంతకుముందు శారీరక సంబంధం ఉందేమో చూడటానికని అత్యాచార బాధితులకు చేసే రెండు వేళ్ల పరీక్ష గౌరవాన్ని భంగపరిచేదని 2013లో చెప్పింది. 2022 అక్టోబర్ 31న ఇంకో అడుగు వేసి, ఆ పరీక్ష చేసేవాళ్లను దుష్ప్రవర్తన కింద బాధ్యులను చేస్తామంది. ఒక స్త్రీకి అంతకుముందు ఎవరితోనైనా సంబంధం ఉందా లేదా అన్నది ఆమె మీద నేరం జరిగిందా అనే ప్రశ్నకు సంబంధం లేని విషయం. పెళ్లి కాలేదు కాబట్టి 'పవిత్రంగా' ఉండాలని, లేకపోతే ఆమె మాట నమ్మక్కర్లేదని అనుకునే పాత అలవాటు మీద పడిన దెబ్బ అది.

అన్నిటికన్నా తేటగా ఈ విషయం బయటపడింది గర్భస్రావ చట్టంలో. 1971 చట్టం గర్భనిరోధకం విఫలమైన సందర్భాన్ని చెప్పేటప్పుడు 'వివాహిత స్త్రీ లేదా ఆమె భర్త' అని రాసింది. పెళ్లి కాని స్త్రీకి ఆ అవసరమే రాదన్న ఊహ ఆ రాతలో ఉంది. 2021 సవరణ అక్కడ 'స్త్రీ లేదా ఆమె భాగస్వామి' అని మార్చింది. నిబంధనల్లో మాత్రం పాత నీడ మిగిలింది. 20 నుంచి 24 వారాల మధ్య గర్భస్రావానికి అర్హుల జాబితాలో భర్త చనిపోయినవాళ్లూ విడాకులైనవాళ్లూ ఉన్నారు, పెళ్లే కానివాళ్లు లేరు. కలిసి ఉన్న మనిషి పెళ్లికి నిరాకరించడంతో ఒంటరిగా మిగిలిన పాతికేళ్ల యువతికి ఢిల్లీ హైకోర్టు ఆ కారణంతోనే అనుమతి ఇవ్వలేదు. ఆమె సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2022 సెప్టెంబర్ 29న ముగ్గురు న్యాయమూర్తుల బెంచి, పెళ్లయిందా లేదా అన్నదాన్ని బట్టి ఈ విషయంలో తేడా చూపడం రాజ్యాంగానికి నిలవదని తీర్పు చెప్పింది. పెళ్లయిన స్త్రీలకే శారీరక సంబంధం ఉంటుందన్న మూస ఆలోచనను చట్టం మోయకూడదని అందులో చెప్పింది. ఆ తీర్పు వచ్చాక ఇరవై వారాలు దాటిన స్త్రీ ఆసుపత్రికి వెళ్తే, డాక్టర్లు చూడాల్సింది ఎన్నో వారం, ఆరోగ్యం ఎలా ఉంది, ఆమె పరిస్థితి ఏమిటి అన్నవే. పెళ్లి కాలేదన్న కారణంతో ఆమెను వెనక్కి పంపడానికి వీల్లేదు.